దశాంశ సంఖ్యల మార్పిడిలో అసంగతత్వం

ప్రోగ్రాములో రాసిన ఒక దశాంశ సంఖ్యను కంపైలరు మార్చగా వచ్చే విలువ, అదే సంఖ్యను ప్రోగ్రాము నడిచే సమయంలో అక్షరాల వరుస (స్ట్రింగు) నుండి మార్చగా వచ్చే విలువ వేరువేరుగా ఉండటాన్ని దశాంశ సంఖ్యల మార్పిడిలో అసంగతత్వం అంటారు. ఈ భేదం తరచుగా చివరి బిట్టుకే పరిమితమైనా, రెండు విలువలు సమానమా అని పోల్చే ప్రోగ్రాము తప్పు నిర్ణయం తీసుకొనవచ్చును.

నేపథ్యం

1985లో వెలువడిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం 64 బిట్ల సంఖ్యలో 53 సార్థక బిట్లు ఉంటాయి. 1/3ను దశాంశాలలో పూర్తిగా రాయలేనట్లే, 0.1ను ద్విసంఖ్యామానంలో పూర్తిగా రాయలేము. కనుక దగ్గరి విలువకు సర్దుబాటు (రౌండింగ్) చేయవలసి వస్తుంది. 0.1కు అతి సమీప విలువ సుమారు 0.10000000000000000555, దానికి ముందున్న విలువ సుమారు 0.09999999999999999167.

కారణాలు

* కంపైలరు, గ్రంథాలయ ప్రమేయం (లైబ్రరీ ఫంక్షన్) వేరువేరు పద్ధతులను అనుసరించడం. రెండు విలువలకు సరిగ్గా మధ్యన, లేదా మధ్యకు అతి చేరువలో ఉండే సంఖ్యల వద్ద ఈ తేడా బయటపడుతుంది.
* నడిచే సమయంలో సర్దుబాటు విధానాన్ని మార్చడం. కంపైలరు 0.1ను సమీప విలువకు మార్చగా, క్రిందికి సర్దే విధానంలో నడిచే ప్రోగ్రాము పై రెండింటిలో చిన్నదానిని పొందగలదు.
* పాత ఇంటెల్ ఎక్స్87 విభాగపు 80 బిట్ల రిజిస్టర్లలో విలువ అదనపు కచ్చితత్వంతో నిలిచి ఉండటం.

ప్రమాణాలు

రెండు మార్పిడులూ ఏకీభవించాలని 1999 నాటి సీ భాషా ప్రమాణం సిఫారసు చేసింది. అయితే అది తప్పనిసరి నియమం కాదు. జావాలో మాత్రం రెండింటి ఫలితమూ ఒకటే కావాలన్నది భాషా నియమం. 1990లో విలియం క్లింజర్, డేవిడ్ గే సరైన మార్పిడి పద్ధతులను వివరించారు. గ్లిబ్‌సీ గ్రంథాలయంలోని మార్పిడి దోషాలను 2012లో వెలువడిన 2.17 రూపాంతరంలో సరిదిద్దారు.

ఏకీభావం ఉన్నంత మాత్రాన ఫలితం సరైనదని చెప్పలేము. 2011లో 2.2250738585072012e-308 అనే సంఖ్య వద్ద జావా కంపైలరు, నడుస్తున్న జావా ప్రోగ్రాము రెండూ అంతులేని ఆవృత్తిలో చిక్కుకొన్నాయి.

నివారణ

సరైన మార్పిడి ఉన్నచోట 17 సార్థక అంకెలతో రాసిన సంఖ్య తిరిగి అదే 64 బిట్ల విలువను ఇస్తుంది. షోడశాంశ రూపంలో ఒక్కొక్క అంకె సరిగ్గా నాలుగు బిట్లకు సమానం కనుక, ఆ రూపంలో భద్రపరచిన విలువకు సర్దుబాటు అవసరముండదు. కొలతలను పోల్చునపుడు సమానత్వానికి బదులు, అనుమతించదగిన భేదాన్ని ముందుగా నిర్ణయించుకొనడం మేలు.