85 ప్రశ్నలకే పరీక్ష ఆగిపోయిందా? కంగారు వద్దు

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్ పాసవ్వాలి. ఇందులో మీకూ పక్క సీటు వారికీ ఒకే ప్రశ్నలు రావు. ప్రతి జవాబు తర్వాతా కంప్యూటర్ మీ స్థాయిని మళ్లీ అంచనా వేస్తుంది. మీరు సరిగ్గా చెప్పే అవకాశం దాదాపు సగం ఉన్న ప్రశ్నను వెతికి ఇస్తుంది. మరీ తేలికైనదో, మరీ కష్టమైనదో అడిగితే ఫలితం ముందే ఊహించవచ్చు, మీ గురించి కొత్తగా తెలిసేది తక్కువ. కాబట్టి ప్రశ్నలు కష్టంగానే వస్తున్నాయని బెంగపడకండి.

మీరు పాస్ స్థాయికి పైనున్నారో, కిందున్నారో 95 శాతం నమ్మకం కుదిరితే పరీక్ష ఆగుతుంది. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150. అంటే 85కే ఆగినవారిలో పాసైనవారూ ఉంటారు, ఫెయిలైనవారూ ఉంటారు. తెలియని ప్రశ్నను వదిలేసి ముందుకెళ్లడం, వెనక్కొచ్చి జవాబు దిద్దుకోవడం మాత్రం ఇక్కడ కుదరవు.