విదేశాలకు క్రీడాజట్టు తరలింపు – సవాళ్లు: అమెరికన్ ఫుట్‌బాల్, హైదరాబాద్ జట్ల అనుభవాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక వృత్తిక్రీడా జట్టును ఒక దేశం నుంచి మరొక దేశానికి శాశ్వతంగా తరలించడం సాధ్యమా అనే చర్చ అమెరికన్ ఫుట్‌బాల్ రంగంలో చాలాకాలంగా సాగుతోంది. దూరం, కాలభేదం, పన్నులు, క్రీడాకారుల భర్తీ అందులో ప్రధానంగా ప్రస్తావనకు వచ్చే సమస్యలు. హైదరాబాద్ పేరుతోనో, హైదరాబాద్‌ను సొంత నగరంగా చేసుకునో ఆడిన జట్లు గత పదిహేనేళ్లకు పైగా వేర్వేరు రూపాల్లో తరలింపును చవిచూశాయి. ఆ అనుభవాలను అమెరికన్ ఫుట్‌బాల్ చర్చతో పోల్చి, తరలింపులో ఏది కదులుతుంది, ఏది కదలదు అనే అంశాన్ని నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్రీడాజట్టు, తరలింపు, సొంతగడ్డ, స్థానికత, అమెరికన్ ఫుట్‌బాల్, దక్కన్ ఛార్జర్స్, హైదరాబాద్ ఎఫ్‌సీ, ఉప్పల్.

1. ఉపోద్ఘాతం:
వృత్తిక్రీడలో ఒక జట్టు రెండు ఆధారాలపై నిలుస్తుంది. ఒకటి ఒప్పందం, రెండోది ఊరు. యజమాని, క్రీడాకారులు, ప్రసార సంస్థలు, ప్రకటనకర్తలు ఒప్పందం వల్ల జట్టుతో ముడిపడతారు. అభిమానులు మాత్రం ఊరి వల్ల ముడిపడతారు. వారు ఏ పత్రంపైనా సంతకం చేయరు. అయినా ‘మన జట్టు’ అనే మాట పలికేది వారే.

తూర్పు హైదరాబాద్‌లో ఈ బంధం స్పష్టంగా కనిపిస్తుంది. హయత్‌నగర్ నుంచి విజయవాడ రహదారి మీదుగా వనస్థలిపురం, ఎల్.బి.నగర్ చేరి, అక్కడినుంచి నాగోల్ మార్గంలో సాగితే ఉప్పల్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం వస్తుంది. ఈ దారి పొడవునా నివసించే క్రీడాభిమానికి జట్టు అంటే టీవీలో కనిపించే దృశ్యం మాత్రమే కాదు, సాయంత్రం వెళ్లి చూసి రాత్రికి ఇల్లు చేరగల అనుభవం. అటువంటి జట్టు మరో నగరానికో, మరో దేశానికో వెళ్లిపోతే జరిగే నష్టం లెక్కల పుస్తకాల్లో కనిపించదు. తరలింపును గురించిన చర్చలో ఈ నష్టానికి ఎంత స్థానం ఉండాలన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. తరలింపు – రకాలు:
‘తరలింపు’ అనే ఒక్క మాటతో వ్యవహరించే ప్రక్రియలో నిజానికి మూడు భిన్న రూపాలున్నాయి.

అ) పోటీ మొత్తం తాత్కాలికంగా మరో దేశానికి వెళ్లడం. ఇందులో జట్లన్నీ సమానంగా సొంతగడ్డను కోల్పోతాయి.
ఆ) ఒక్క జట్టు మాత్రమే తన మ్యాచ్‌లను వేరేచోట ఆడటం. ఇందులో ఇతర జట్లకున్న అనుకూలత ఆ జట్టుకు ఉండదు.
ఇ) జట్టు శాశ్వతంగా ఊరు మారడం. ఇందులో పేరు, రంగులు, చరిత్ర ఎవరివన్న ప్రశ్న తలెత్తుతుంది.

విదేశీ తరలింపు చర్చల్లో తరచూ జరిగే పొరపాటు మొదటి రూపంలోని విజయాన్ని చూపి మూడో రూపాన్ని సమర్థించడం. ఈ మూడింటినీ వేరుచేసి చూస్తేనే సవాళ్ల స్వరూపం తేటపడుతుంది.

3. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సముద్రం దాటితే:
అమెరికన్ ఫుట్‌బాల్ మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆటకు భిన్నమైనది. కోడిగుడ్డు ఆకారపు బంతితో, వంద గజాల మైదానంలో, పక్షానికి పదకొండు మంది చొప్పున ఆడతారు. అమెరికాలోని నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లున్నాయి. 2021 నుంచి ప్రతి జట్టూ సీజన్‌లో 17 మ్యాచ్‌లు, సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, ఆడుతోంది. జట్టు ఊరు మారాలంటే యజమానుల్లో నాలుగింట మూడొంతుల మంది, అంటే 24 మంది అంగీకరించాలి.

ఈ లీగ్ 2007 అక్టోబరులో లండన్‌లోని వెంబ్లీలో ఒక మ్యాచ్ నిర్వహించి విదేశీ మ్యాచ్‌ల పరంపర ప్రారంభించింది. 2013 నుంచి జాక్సన్‌విల్ జాగ్వార్స్ జట్టు దాదాపు ప్రతి ఏటా తన సొంత మ్యాచ్‌లలో ఒకదాన్నైనా లండన్‌లో ఆడుతోంది. ఆ జట్టు యజమాని షాహిద్ ఖాన్ 2018లో వెంబ్లీ మైదానాన్నే కొనుగోలు చేయడానికి ముందుకు వచ్చి, అదే ఏడాది విరమించుకున్నారు. దీంతో లండన్‌లో శాశ్వత జట్టు ఏర్పడుతుందన్న ఊహాగానాలు బలపడ్డాయి. అయితే అందుకు ఎదురయ్యే అడ్డంకులు చిన్నవి కావు.

3.1 దూరం, కాలభేదం:
లండన్, లాస్ ఏంజెలెస్ నగరాల మధ్య దూరం 8,700 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కాలభేదం సాధారణంగా ఎనిమిది గంటలు. లండన్ జట్టు తన పరాయి మ్యాచ్‌లన్నిటికీ, అంటే ఎనిమిది లేదా తొమ్మిది సార్లు, అట్లాంటిక్ దాటవలసి ఉంటుంది. ప్రత్యర్థి జట్లు మాత్రం సీజన్ మొత్తంలో ఒకసారి దాటితే సరిపోతుంది. శరీరాలు బలంగా ఢీకొనే ఆటలో ఆదివారం ఆడిన క్రీడాకారుడు మరుసటి ఆదివారానికి కోలుకోవాలి. ఆ విరామంలో ప్రయాణం, నిద్రాభంగం కలిస్తే అలసట రెట్టింపవుతుంది. సొంత మ్యాచ్‌లను వరుసగా కొన్ని, పరాయి మ్యాచ్‌లను వరుసగా కొన్ని పెట్టి, అమెరికాలో మరో శిక్షణ కేంద్రం నడపాలన్న ప్రతిపాదన ఇందుకు పరిష్కారంగా వినిపిస్తుంది. కానీ అప్పుడు క్రీడాకారులు సీజన్‌లో చాలా భాగం ‘ఇంటికి’ దూరంగా గడపాలి. ఒక సమస్యను తీర్చే ఉపాయం మరో సమస్యకు మూలమవుతుంది.

3.2 వేతనం, పన్ను:
లీగ్‌లో ప్రతి జట్టూ క్రీడాకారులపై చేసే ఖర్చుకు ఒకే పరిమితి ఉంటుంది. ఫ్లోరిడా రాష్ట్రంలో వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్ర పన్ను లేదు. అమెరికా కేంద్ర ప్రభుత్వపు గరిష్ఠ రేటు 37 శాతం కాగా, బ్రిటన్‌లో గరిష్ఠ రేటు 45 శాతం. ఒకే వేతనం రెండు చోట్ల రెండు విలువలుగా మిగులుతుంది. ఆ తేడాను పూడ్చడానికి జట్టు ఎక్కువ చెల్లించాలంటే వ్యయపరిమితి అడ్డువస్తుంది. ఆ జట్టుకు మాత్రమే మినహాయింపు ఇస్తే మిగతా యజమానులు ఒప్పుకోవడం కష్టం.

3.3 క్రీడాకారుల భర్తీ:
కళాశాల క్రీడాకారులను జట్లు వంతులవారీగా ఎంపిక చేసుకునే పద్ధతి ఈ లీగ్‌లో ఉంది. ఏ ఊరికి వెళ్లాలో ఎంచుకునే అవకాశం కొత్త క్రీడాకారుడికి దాదాపు ఉండదు. దేశంలోపల ఈ నియమం చెల్లుతుంది. భార్యాపిల్లలతో మరో దేశానికి వెళ్లక తప్పదన్నప్పుడు అది క్రీడాకారుల సంఘంతో చర్చించవలసిన కార్మిక సమస్యగా మారుతుంది. గాయపడిన వారి స్థానంలో వారం మధ్యలో కొత్తవారిని పరీక్షించి చేర్చుకోవడం ఇక్కడి జట్లకు మామూలే. లండన్ జట్టుకైతే అలా చేర్చుకునే ప్రతి వ్యక్తికీ పని అనుమతి, సుదీర్ఘ ప్రయాణం తప్పవు.

3.4 పూర్వానుభవం:
అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఐరోపాలో నాటే ప్రయత్నం 1991లోనే జరిగింది. ఆ ఏడాది వరల్డ్ లీగ్ తొలి విజేత లండన్ మోనార్క్స్. వెంబ్లీలో జరిగిన తుదిపోరును 60 వేల మందికి పైగా చూశారు. ఆ ఉత్సాహం నిలవలేదు. మైదానాలు మారాయి, ప్రేక్షకులు తగ్గారు. 1998లో ‘లండన్’ స్థానంలో ‘ఇంగ్లండ్’ చేర్చి, సొంత మ్యాచ్‌లను వేర్వేరు నగరాలకు పంచారు. ఆ జట్టుకు అదే చివరి సీజన్ అయింది. ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్ పేరుతో కొనసాగిన ఆ లీగ్ కూడా 2007లో మూతపడింది. దేశమంతటికీ చెందాలని చూసిన జట్టు ఏ ఊరికీ చెందకుండా పోవడం ఇక్కడ గమనార్హం.

4. హైదరాబాద్ జట్ల అనుభవం:
పైన పేర్కొన్న మూడు రూపాలకూ హైదరాబాద్ జట్ల చరిత్రలో ఉదాహరణలున్నాయి.

4.1 అందరూ కలిసి తరలినప్పుడు (2009):
2008లో తొలి ఇండియన్ ప్రీమియర్ లీగ్‌లో దక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. ఉప్పల్‌లో ఆడిన ఏడు మ్యాచ్‌లలోనూ ఓడింది. మరుసటి ఏడాది లీగ్ తేదీలు లోక్‌సభ ఎన్నికలతో కలిసి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ ఎన్నికలు కూడా ఏప్రిల్ 16, 23 తేదీల్లో జరిగాయి. మార్చి 3న లాహోర్‌లో శ్రీలంక జట్టుపై దాడి జరగడంతో భద్రతపై ఆందోళన అప్పటికే పెరిగి ఉంది. చివరకు మార్చి నెలాఖరులో లీగ్‌ను దక్షిణాఫ్రికాకు తరలించాలని నిర్ణయించారు. నెలరోజులు కూడా తిరగకుండానే ఏప్రిల్ 18న ఎనిమిది మైదానాల్లో పోటీలు మొదలయ్యాయి.

ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఛార్జర్స్ తొలి నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. మే 24న జొహానెస్‌బర్గ్‌లో జరిగిన తుదిపోరులో బెంగళూరుపై ఆరు పరుగుల తేడాతో నెగ్గి విజేత అయింది. ఉప్పల్‌లో ఒక్క మ్యాచ్ గెలవని జట్టు పరాయిగడ్డపై కప్పు గెలవడం చూసి, సొంతగడ్డ అవసరమే లేదని కొందరు భావించవచ్చు. కానీ అక్కడ ఎనిమిది జట్లూ సమానంగా పరాయివే. ఎవరికీ ప్రత్యేక నష్టం లేదు.

మరో విషయం గమనించాలి. దక్షిణాఫ్రికాలో మ్యాచ్‌లు స్థానిక కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12.30కు, సాయంత్రం 4.30కు మొదలయ్యేవి. అవి భారతదేశంలో సాయంత్రం నాలుగు, రాత్రి ఎనిమిది గంటలు. అంటే మైదానం కదిలినా గడియారం కదలలేదు. జట్టు అసలు ప్రేక్షకులు ఇక్కడే ఉన్నారని నిర్వాహకులకు తెలుసు. ఐదు వారాల తర్వాత తిరిగి వస్తామన్న భరోసాతోనే ఆ తరలింపు విజయవంతమైంది.

4.2 ఒక్క జట్టే తరలినప్పుడు (2010):
మరుసటి ఏడాది తెలంగాణ ఉద్యమ పరిస్థితుల దృష్ట్యా హైదరాబాద్‌లో మ్యాచ్‌లు నిర్వహించలేదు. దక్కన్ ఛార్జర్స్ తన సొంత మ్యాచ్‌లను నాగపూర్, కటక్, నవీ ముంబయి నగరాల్లో ఆడింది. సెమీఫైనల్ చేరింది కాబట్టి క్రీడాపరంగా దాన్ని వైఫల్యం అనలేము. అయితే క్రితం ఏడాది కప్పు గెలిచిన జట్టును ఛాంపియన్‌గా సొంతగడ్డపై చూసుకునే అవకాశం ఆ సీజన్‌లో హైదరాబాద్ ప్రేక్షకులకు దక్కలేదు. మూడు నగరాలకు పంచిన సొంతగడ్డ మూడింట్లోనూ అతిథిగృహంగానే మిగిలింది. 2012లో ఫ్రాంచైజీ రద్దయింది. దానికి కారణాలు ఆర్థికపరమైనవి. ఆ స్థానంలో వచ్చిన జట్టు సన్‌రైజర్స్ ‘హైదరాబాద్’ అని ఊరి పేరునే తన పేరులో చేర్చుకుంది.

4.3 పేరు మాత్రమే ఉన్నప్పుడు (2012):
2011లో ప్రకటించిన ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఈ దేశానికి తెచ్చే ప్రయత్నం చేసింది. అందులో హైదరాబాద్ స్కైకింగ్స్ ఒక జట్టు. 2012లో తొలి సీజన్ పోటీలు శ్రీలంకలోని కొలంబోలో జరిగాయి. ఆ లీగ్ నిలదొక్కుకోలేదు. ఛార్జర్స్‌కు ఊరితో ముందే ఒక పరిచయం ఉంది, ఓటములైనా ఉప్పల్‌లో కళ్లారా చూసినవే. స్కైకింగ్స్‌కు పేరు తప్ప అటువంటి పరిచయం ఏర్పడలేదు. సొంతగడ్డపై వేళ్లూనకముందే పరాయిగడ్డకు వెళ్లిన జట్టుకు తిరిగి రావడానికి ఊరు ఉండదు.

4.4 శాశ్వతంగా ఊరు మారినప్పుడు (2019–2025):
2019లో పుణె నగర ఫుట్‌బాల్ జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడింది. ఒక నగరం కోల్పోయినది మరో నగరానికి దక్కింది. కరోనా కారణంగా ఇండియన్ సూపర్ లీగ్ రెండు సీజన్లు గోవాలోనే జరిగాయి. అక్కడే 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో 3–1తో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ విజేత అయింది. దక్కన్ ఛార్జర్స్ మాదిరిగానే అదీ ఊరికి దూరంగా గెలిచిన కప్పు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. పుణెకు జరిగినది ఆరేళ్లకు హైదరాబాద్‌కు జరిగింది.

5. పేరు, స్మృతి ఎవరివి?
శాశ్వత తరలింపులో అత్యంత క్లిష్టమైనది ఈ ప్రశ్నే. దీనికి అమెరికన్ ఫుట్‌బాల్‌లోనే ఒక ముఖ్యమైన సమాధానం లభిస్తుంది. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్లు 1995లో యజమాని ప్రకటించినప్పుడు నగరం న్యాయపోరాటానికి దిగింది. చివరకు కుదిరిన ఒప్పందం ప్రకారం క్రీడాకారులు, సిబ్బంది బాల్టిమోర్‌కు వెళ్లారు. పేరు, రంగులు, గత విజయాల చరిత్ర క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోయాయి. బాల్టిమోర్ జట్టు రేవెన్స్ అనే కొత్త పేరుతో 1996లో మొదలైంది. 1999లో క్లీవ్‌లాండ్‌లో అదే పాత పేరుతో కొత్త జట్టు ఏర్పడింది.

ఈ పరిష్కారం ఒక సూత్రాన్ని గుర్తించింది. ఒప్పందానికి చెందినవి యజమానివి, స్మృతికి చెందినవి ఊరివి. ఇందుకు దూరంతో సంబంధం లేదు. 2017లో శాండియాగో ఛార్జర్స్ 200 కిలోమీటర్ల లోపే ఉన్న లాస్ ఏంజెలెస్‌కు మారినప్పుడు పేరు జట్టుతోనే వెళ్లిపోయింది, విడిచిపోయిన ఊరికి ఏమీ మిగలలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ విషయంలో పేరు ఢిల్లీకి వెళ్లలేదు. అయితే క్లీవ్‌లాండ్ మాదిరిగా ఆ పేరును, 2022 విజయాన్ని ఈ నగరం తరఫున భద్రపరిచే ఏర్పాటు అవసరమన్న ఆలోచన మన క్రీడావ్యవస్థలో ఇంకా బలపడలేదు.

కొత్త ఊరు సొంతూరు కావడం అసాధ్యమని దీని అర్థం కాదు. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన వారిలో తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి 1931లో అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకుంది. అంటే ఏడు దశాబ్దాల కాలం, తరాల శ్రమ పట్టాయి. 2009లో లీగ్ మ్యాచ్‌లు జరిగిన డర్బన్ ఆ ప్రాంతంలోనిదే. ఒప్పందం మనుషులను ఓడ ఎక్కించగలదు. పరాయినేలను సొంతం చేసేది కాలమే. లాభనష్టాలను ఏటా లెక్కించే ఫ్రాంచైజీకి అంతటి ఓర్పు ఉండటం అరుదు.

6. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలివి.

1. పోటీ మొత్తాన్ని తాత్కాలికంగా తరలించడం సాధ్యమేనని 2009 దక్షిణాఫ్రికా అనుభవం నిరూపించింది. కానీ ఒక్క జట్టును శాశ్వతంగా విదేశానికి తరలించడానికి అది ప్రమాణం కాదు.
2. లండన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఏర్పాటుకు ప్రధాన అవరోధం దూరం ఒక్కటే కాదు. ఇతర జట్లతో పోలిస్తే ఆ జట్టు ఒక్కటే భరించవలసిన అసమానత అంతకంటే పెద్దది.
3. సొంతగడ్డను పలు నగరాలకు పంచడం పరిష్కారం కాదని ఇంగ్లండ్ మోనార్క్స్, దక్కన్ ఛార్జర్స్ అనుభవాలు సూచిస్తున్నాయి.
4. విజయం ఊరి బంధానికి ప్రత్యామ్నాయం కాదు. పరాయిగడ్డపై కప్పులు గెలిచిన రెండు జట్లూ నేడు హైదరాబాద్‌లో లేవు.
5. జట్టును కేటాయించే దశలోనే పేరు, రంగులు, చరిత్రపై నగరానికి హక్కు కల్పించే నిబంధన చేర్చడం అవసరం.

జట్టు వెళ్లిపోయినప్పుడు యజమానికి మరో మైదానం, క్రీడాకారుడికి మరో ఒప్పందం దొరుకుతాయి. మ్యాచ్ రోజున మైదానం బయట జెండాలు అమ్ముకునేవారికి, ఆ జట్టు చొక్కా వేసుకుని గల్లీలో ఆడుకునే పిల్లలకు అటువంటి ప్రత్యామ్నాయం లేదు. తరలింపు నిర్ణయాల్లో వారి పక్షాన మాట్లాడే వ్యవస్థ ఏర్పడనంత కాలం ‘మన జట్టు’ అనే మాటలో ‘మన’ అనేది అభిమానుల విశ్వాసంగానే మిగులుతుంది తప్ప హక్కుగా మారదు.