రెంచి దెబ్బకు లీకు ఆగుతుందా?

1973 జులై 5. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం, కింగ్‌మన్ పట్నం. రైల్వే ట్యాంకు వ్యాగన్ నుంచి ప్రొపేన్ గ్యాసు దించుకోవడానికి పనివాళ్ళు గొట్టాలు తగిలించారు. ఒక జాయింటు దగ్గర లీకు కనిపించింది. పెద్ద రెంచి తీసుకుని ఆ ఫిట్టింగును కొట్టి బిగించబోయారు. లీకు పెరిగింది, మంట అంటుకుంది. అరగంట తిరక్కుండానే వ్యాగన్ పేలిపోయింది. మంటలు అదుపు చేయడానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బందిలో 11 మంది చనిపోయారు.

రెంచి ఎత్తినవాళ్ళను తప్పుపట్టడం తేలికే. కానీ లీకు కనిపించగానే ‘ఇంకాస్త బిగిద్దాం’ అనుకోనిది ఎవరు? పీడనంతో నిండిన ట్యాంకు వ్యాగన్ల చుట్టూ అల్లుకున్న అపోహలు చాలావరకు ఇలాంటి తొందరలోంచి పుట్టినవే.

అపోహ: లీకంటే ట్యాంకుకు చిల్లు పడినట్టే.

వాస్తవం: రైలు పట్టాలు తప్పినప్పుడు ట్యాంకు చీలడం వేరే సంగతి. వ్యాగన్ మామూలుగా నిలబడి ఉన్నప్పుడు కారేది సాధారణంగా పైనున్న ఫిట్టింగుల దగ్గరే. క్లోరిన్ వ్యాగన్ మీదికెక్కి ఇనుప గూడు మూత తీస్తే ఒకే పలక మీద అయిదు కనిపిస్తాయి. నడుమ సేఫ్టీ వాల్వు, చుట్టూ నాలుగు యాంగిల్ వాల్వులు. వ్యాగన్ పొడవు వెంట ఉన్న రెండూ ద్రవానికి, అడ్డంగా ఉన్న రెండూ ఆవిరికి. వాల్వు కాడ చుట్టూ ఉండే ప్యాకింగు, పలక కింది గాస్కెట్టు, థ్రెడ్లున్న ప్లగ్గు... వెతకాల్సింది ముందుగా వీటి దగ్గరే.

అపోహ: తెల్లటి పొగ ఎంతవరకు ఉంటే గ్యాసు అంతవరకే.

వాస్తవం: ప్రొపేన్‌కు రంగు లేదు. ద్రవం ఆవిరవుతూ చుట్టూ గాలిని చల్లబరిస్తే అందులోని తేమ మంచులా కనిపిస్తుంది, అంతే. కంటికి కనపడని గ్యాసు ఆ మంచును దాటి, గాలికంటే బరువైనది కాబట్టి నేలబారుగా పల్లానికి పాకుతుంది. అందుకే కళ్ళను కాదు, గ్యాసు మీటరును నమ్ముతారు. చిన్న లీకు సరిగ్గా ఎక్కడుందో పట్టడానికి మాత్రం మన వంటింటి సిలిండర్‌కు చేసే పరీక్షే. సబ్బునీళ్ళు రాస్తే బుడగ చోటు చెబుతుంది.

క్లోరిన్‌కు పద్ధతి వేరు. అమ్మోనియా ద్రావణం ఉన్న మెత్తటి సీసాను నొక్కి, దాని ఆవిరిని ఫిట్టింగు చుట్టూ ఊదుతారు. లీకున్న చోట గుప్పున తెల్లటి పొగ లేస్తుంది. మన ఊళ్ళ నీటిశుద్ధి కేంద్రాల్లో క్లోరిన్ టన్నర్లకు (పెద్ద సిలిండర్లకు) చేసేదీ ఇదే. ఊదాల్సింది ఆవిరినే, ద్రావణాన్ని వాల్వు మీద చల్లితే లోహం పాడవుతుంది.

అపోహ: క్లోరిన్ కారుతుంటే నీళ్ళు కొట్టాలి.

వాస్తవం: లీకు మీద నేరుగా కొట్టకూడదు. తడి తగిలిన క్లోరిన్ ఆమ్లంగా మారి ఉక్కును తినేస్తుంది. సూదిబెజ్జమంత లీకు చూస్తుండగానే పెద్దదవుతుంది. పైగా నీళ్ళ వెచ్చదనానికి ద్రవం ఇంకా వేగంగా ఆవిరవుతుంది. అమ్మోనియా ఆవిరిని అణచడానికి నీటితెర పనికొస్తుంది కదా అని అదే సూత్రాన్ని ఇక్కడికి తెస్తే ముప్పే.

అపోహ: ఏదైనా తెగితే లోపలి వాల్వు దానంతటదే మూసుకుంటుంది.

వాస్తవం: ద్రవపు గొట్టాల్లో ‘ఎక్సెస్ ఫ్లో వాల్వు’ ఉంటుంది, నిజమే. ప్రవాహం దానికి నిర్ణయించిన వేగాన్ని మించితేనే అది మూసుకుంటుంది. అంతకు తక్కువగా కారే లీకు దాని లెక్కలోకే రాదు. 2001 జులైలో మిషిగన్ రాష్ట్రం రివర్‌వ్యూలో వ్యాగన్‌కు తగిలించిన గొట్టం విరిగి మిథైల్ మెర్కాప్టాన్ అనే విషవాయువు బయటపడింది. ముగ్గురు కార్మికులు చనిపోయారు. సరుకు ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఈ వాల్వును నమ్ముకుని ఉండలేమని అక్కడి రవాణా భద్రతా సంస్థ తేల్చింది.

మరుసటి ఏడు ఆగస్టులో మిజోరీ రాష్ట్రం ఫెస్టస్‌లో క్లోరిన్ దించే గొట్టం పగిలింది. అత్యవసర షటాఫ్ వాల్వులు తుప్పు పేరుకుని సరిగా మూసుకోలేదు. దాదాపు మూడు గంటల్లో 48,000 పౌండ్లు, అంటే సుమారు 22 టన్నుల క్లోరిన్ బయటికి పోయింది. చివరికి రక్షణ దుస్తులు తొడుక్కున్న సిబ్బంది వ్యాగన్ పైకెక్కి చేత్తో వాల్వులు మూయాల్సి వచ్చింది.

అపోహ: లీకైతే బిగించడమే మందు.

వాస్తవం: ఏది కారుతోందన్నదాన్ని బట్టి మందు. క్లోరిన్ వాల్వు కాడ దగ్గర కారుతుంటే ముందు వాల్వు మూసి చూస్తారు. ప్యాకింగు, వాల్వు లోపల మూసుకునే చోటికి ఇవతల ఉంటుంది కాబట్టి చాలాసార్లు అక్కడితోనే ఆగుతుంది. లేదంటే ప్యాకింగు నట్టును కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతిసారీ పరీక్షిస్తారు. అరిగిన థ్రెడ్లకూ నలిగిన గాస్కెట్టుకూ బలం చూపిస్తే మిగిలిన పట్టు కూడా పోతుంది. ముప్ఫై డిగ్రీల వేడిలో ప్రొపేన్ పీడనం కారు టైరులోని గాలికి నాలుగైదు రెట్లు. రెంచి దెబ్బ పడేది అంత ఒత్తిడిని ఆపుతున్న జాయింటు మీద!

అపోహ: టోపీ బిగించారంటే రిపేరు అయిపోయినట్టే.

వాస్తవం: ఏ సర్దుబాటుకూ లొంగని క్లోరిన్ వాల్వు కోసం అమెరికాలో ‘సి’ కిట్టు ఉంది. సిలిండర్లకు ‘ఎ’, టన్నర్లకు ‘బి’, ట్యాంకు వ్యాగన్లకు ‘సి’. అందులోని ఉక్కు టోపీని గాస్కెట్టుతో సహా వాల్వు మీద బోర్లించి నొక్కి బిగిస్తారు. అది గాయానికి కట్టిన కట్టు మాత్రమే, వైద్యం ఇంకా మొదలవలేదు.

అసలు రిపేరు వ్యాగన్‌ను ఖాళీ చేసి, లోపలి గ్యాసును పూర్తిగా తరిమేశాక వర్క్‌షాపులో జరుగుతుంది. పాత గాస్కెట్టు తీసి పారేస్తారు. అది కూర్చునే ముఖాన్ని గీతలేమైనా ఉన్నాయేమోనని వేలితో తడిమి చూస్తారు. కొత్తది పెట్టి బోల్టులను వరసగా కాకుండా ఎదురెదురుగా, దఫాలుగా బిగిస్తారు. తర్వాత పీడనం ఎక్కించి చుట్టూ సబ్బునీళ్ళు రాస్తారు. ఒక్క బుడగ లేచినా బోల్టులు మళ్ళీ విప్పాల్సిందే.