మాయల కథలు పిల్లలకు చెప్పవచ్చునా?

బాలల కార్యక్రమములో మాంత్రికుడో, ఎగిరే గుఱ్ఱమో గల కథ ప్రసారమైనప్పుడెల్ల పెద్దల నుండి ఒక ఆక్షేపణ వినవచ్చుచుండును. ఇట్టి కథలు పిల్లలకు అబద్ధమును నేర్పుననియు, మంత్రతంత్రములయందు నమ్మకము కలిగించుననియు, కష్టపడకయే ఫలము కోరు బుద్ధిని పెంచుననియు వారి వాదము. వీనిలో రెండవది తేలికగా త్రోసివేయదగినది కాదు. చేతబడి చేసినారను అనుమానముతో నిరపరాధులను ఊరివారే హింసించిన వార్తలు నేటికిని పత్రికలలో కనబడుచునే యున్నవి.

కాని ఆ క్రూరకృత్యమునకు మూలము కథయా? చేతబడి పుకారు ఎట్లు పుట్టును? ఫలానా వీధిలో, ఫలానా ఇంటిలో, నిన్న రాత్రి జరిగినదని పుట్టును. మాయల కథ 'అనగనగా ఒక ఊరిలో' అని మొదలగును. ఆ ఊరికి పేరుండదు. ఆ కాలమునకు తేదీ యుండదు. చివర 'కథ కంచికి, మనమింటికి' అని అవ్వ లేచిపోవును. ఇది కథ, ఇది ఇల్లు అని గిరి గీసి చూపుటయే ఆ మాటల పని. పసివాడు సైతము ఆ గిరిని గుర్తించును. ఏడు సముద్రముల ఆవలి చిలుకను గూర్చి గంటసేపు విని, లేచి అన్నమడుగునే గాని, చిలుకను వెదకబోడు. అబద్ధమాడువాడు వినువానిని మోసగింపగోరును. అవ్వకు ఆ కోరిక లేదు.

ఆ చిలుక కథనే చూడుడు. బాలనాగమ్మను చెరపట్టిన మాయలఫకీరు ప్రాణము ఆ చిలుకలో దాగియున్నది. మాయలన్నియు ఫకీరువే. వానిని గెలిచినది మాత్రము ఆమె కుమారుడు బాలవర్ధి. తల్లికొరకు బయలుదేరిన చిన్నవాడు.

ఇక కష్టపడని ఫలము మాట. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' చిత్రములో తోటరాముడు ప్రతిమ దొరకగానే కోరినంత సంపద పొందెను. నిజమే. కాని అదే ప్రతిమ మాంత్రికుని చేత బడగానే వాని ఆజ్ఞను కూడ అంతే వినయముతో పాటించినది! మేడ మాయమైనది, రాకుమారి వాని పాలబడినది. శక్తికి మంచిచెడ్డలు తెలియవని పిల్లలచేత ఇంత ఆసక్తితో వినిపింపగల నీతిపాఠమును నేనెరుగను.

'చందమామ' దశాబ్దములపాటు అందించిన బేతాళ కథలలో శవమును శ్మశానమును ఉన్న మాట వాస్తవము. అయితే ప్రతి కథయు ఒక చిక్కుప్రశ్నతో ముగియును. తెలిసియు చెప్పకున్న విక్రమార్కుని తల పగులును. శవమునకు జడిసి పుస్తకమును దాచిన తండ్రి, ఆ న్యాయవిచారమును కూడ దాచినవాడగును.

అన్ని మాయల కథలును మంచివని నా అభిప్రాయము కాదు. పిరికిబిడ్డకు పడుకొనువేళ రాక్షసుని వర్ణింపనేల? అంతకంటె హానికరమైనవి గిరి చెరిపివేసిన కథలు: దయ్యమును కన్నులార చూచితిమను 'యథార్థ గాథలు', తాయెత్తుల ప్రకటనలు. చిత్రమేమనగా, కథల పుస్తకమును లాగికొను పెద్దలే వీనిని పిల్లల నడుమ కూర్చుండి చూచుచుందురు.

కథ నడుమ 'ఇది నిజమా?' అని బిడ్డ అడిగినచో 'కథలో నిజము' అని ముందుకు సాగవచ్చును. ప్రక్కింటి ముసలమ్మను గూర్చి అదే ప్రశ్న అడిగిననాడు మాత్రము కథ ఆపి, కాదని స్పష్టముగా చెప్పవలెను.