ప్రింటర్ ఎదురుగానే ఉన్నా ఫోనుకు ఎందుకు కనబడదు?

అపార్ట్‌మెంట్ సంఘ కార్యాలయంలో ఒక ప్రింటర్ ఉందనుకుందాం. కార్యాలయ కంప్యూటర్ దానిని తనంతట తానే గుర్తిస్తుంది. అద్దె ఒప్పందపు ప్రతి కోసం వచ్చిన నివాసి ఫోను మాత్రం, అదే గదిలో ఉన్నా, 'ప్రింటర్ లేదు' అంటుంది. అప్పుడు ఎవరో ఒకరు "అతిథుల వైఫైని, కార్యాలయ నెట్‌వర్కును కలిపేస్తే సరి" అని సలహా ఇస్తారు. ఆ సలహాను పాటిస్తే ప్రింటర్‌తో పాటు సీసీ కెమెరాల రికార్డరు, సంఘం లెక్కలున్న కంప్యూటరు కూడా వచ్చిపోయే వారందరికీ అందుబాటులోకి వస్తాయి. అంత ప్రమాదం కొనితెచ్చుకోనవసరం లేదు.

పరికరాలు ఒకదానినొకటి ఎలా గుర్తిస్తాయి?

ఒక నెట్‌వర్కును భాగాలుగా విడదీసినప్పుడు ఒక్కొక్క భాగాన్ని సబ్‌నెట్ అంటారు. కార్యాలయ పరికరాల చిరునామాలు 192.168.20తో, అతిథుల ఫోన్ల చిరునామాలు 192.168.10తో మొదలవుతున్నాయంటే అవి వేర్వేరు సబ్‌నెట్లలో ఉన్నట్లు భావించవచ్చు.

ముద్రించదలచిన ఫోను "ఇక్కడ ప్రింటర్ ఏదైనా ఉందా?" అని తన సబ్‌నెట్ అంతటికీ వినబడేలా అడుగుతుంది. ఈ ప్రశ్న 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు, 5353 పోర్టుకు వెళుతుంది. విన్న ప్రింటర్ తన పేరు, చిరునామా తెలుపుతుంది. ఈ పద్ధతిని మల్టీకాస్ట్ డీఎన్ఎస్ అంటారు. దీని ప్రామాణిక పత్రం 2013లో వెలువడింది.

ఊరిలో వేసిన దండోరా పొలిమేరతో ఆగినట్లే, ఈ పిలుపు సబ్‌నెట్ హద్దుతో ఆగిపోతుంది. దానిని రౌటర్ అవతలికి పంపకూడదన్నది నియమం. అది ఫోను లోపమూ కాదు, ప్రింటర్ లోపమూ కాదు. పెద్ద భవనంలో ప్రతి పిలుపూ ప్రతి గదికీ చేరితే వైఫై నెమ్మదిస్తుంది. ఎవరి ఇంట్లో ఏ పరికరం ఉందో అందరికీ తెలిసిపోతుంది.

హద్దు దాటించే మూడు మార్గాలు

1. చిరునామాను మనమే నమోదు చేయడం. రౌటర్‌లో ప్రింటర్‌కు మారని చిరునామా కేటాయించి, దానిని ఫోనులో లేదా కంప్యూటర్‌లో టైపు చేయాలి. వాడేవారు కొద్దిమందే అయితే ఇదే సులువు. అయితే ఈ సౌకర్యం అన్ని ఫోన్లలోనూ ఉండదు.

2. పిలుపును తిరిగి వినిపించడం. రెండు సబ్‌నెట్లతోనూ సంబంధమున్న పరికరం ఒకవైపు విన్న ప్రశ్నను రెండవవైపు మళ్ళీ అడుగుతుంది. జవాబును వెనక్కు చేరుస్తుంది. కొన్ని రౌటర్లలో దీనిని 'ఎండీఎన్ఎస్ రిపీటర్' లేదా 'రిఫ్లెక్టర్' అంటారు. లైనక్స్‌లో అవాహి అనే ప్రోగ్రాం ఈ పని చేస్తుంది. వడపోత లేకపోతే టీవీలు, స్పీకర్ల పేర్లు కూడా అవతలికి పోతాయి. కనుక వీలున్నచోట ముద్రణ సేవను మాత్రమే అనుమతించాలి. అవే రెండు సబ్‌నెట్ల మధ్య ఇటువంటి పరికరాలు రెండు ఉండరాదు. ఒకటి చెప్పినది మరొకటి తిరిగి చెబుతూ నెట్‌వర్కును స్తంభింపజేయగలవు.

3. డిస్కవరీ ప్రాక్సీ. 2020లో ప్రామాణికమైన ఈ పద్ధతిలో పిలుపు హద్దు దాటదు. ఫోను ప్రాక్సీని సూటిగా అడుగుతుంది. ప్రాక్సీ తన సబ్‌నెట్‌లో విచారించి జవాబిస్తుంది. ఇది అనేక భవనాలున్న విద్యాసంస్థలకు, పెద్ద కార్యాలయాలకు తగినది.

కనబడినంత మాత్రాన తెరుచుకోదు

పేరు కనబడిన తరువాత కూడా ముద్రణ జరగకపోవచ్చు. పిలుపును దాటించడం వేరు, రాకపోకలకు అనుమతించడం వేరు. అతిథుల వైఫై నుంచి ఆ ఒక్క ప్రింటర్ చిరునామాకు, సాధారణంగా 631 పోర్టుకు మాత్రమే, ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వాలి. అతిథుల వైఫైలో స్థానిక పరికరాలను పూర్తిగా నిరోధించే ఏర్పాటు ఉంటే దానినీ పరిశీలించాలి. కొన్ని టీవీలు 239.255.255.250 అనే మరొక ఉమ్మడి చిరునామాను, 1900 పోర్టును వాడతాయి. పైన చెప్పిన రిపీటర్ వాటికి పనికిరాదు.

సాంకేతిక నిపుణుని అడగవలసినవి

• ఏయే సేవలు హద్దు దాటుతున్నాయి?
• అతిథులు ప్రింటర్‌ను తప్ప మరి దేనినైనా చేరగలరా?
• రికార్డరుకు, ప్రింటర్‌కు మొదట వచ్చిన పాస్‌వర్డులు మార్చారా?
• ఈ మార్పులను ఎక్కడ రాసి ఉంచారు?

రౌటర్ తెరపై ఈ పేర్లు సాధారణంగా ఆంగ్లంలో ఉంటాయి కనుక, వాటిని ఉచ్చారణ ప్రకారమే ఇక్కడ ఇచ్చాము. వచ్చిన నిపుణునికి తెలుగు రాకపోయినా ఈ పేర్లు చెబితే అర్థమవుతుంది. "అన్నీ కలిపేశాను" అన్నదే ఆయన జవాబైతే, పని పూర్తయినట్లు అంగీకరించవద్దు.