మీకు తెలుసా? ఆల్మాటీకి అద్దం పట్టే కొండ
కజకిస్తాన్‌లోని అతిపెద్ద నగరం ఆల్మాటీ. ఆ మహానగరాన్నీ, దాని వెనుక మంచు కప్పుకున్న తియాన్‌షాన్ పర్వతాలనూ ఒక్కచోటి నుంచే కళ్లారా చూడాలంటే కోక్ తోబె కొండ ఎక్కాల్సిందే!

• నగరం నడిబొడ్డు నుంచి కొండపైకి వెళ్లే కేబుల్ కార్ 1967లో మొదలైంది. ఇళ్ల కప్పులు, పెరటి తోటల మీదుగా సాగిపోతుంది.

• 1887, 1911లలో భారీ భూకంపాలు చవిచూసిన ఊరిది. అందుకే ఈ కొండపై ఉన్న సుమారు 370 మీటర్ల టీవీ టవర్‌ను భూకంపాలకు తట్టుకునేలా ఉక్కుతో నిర్మించారు.

• 2007లో కొండపై బీటిల్స్ సంగీత బృందం కంచు విగ్రహాలు వెలిశాయి. గిటార్ పట్టుకుని బెంచీపై కూర్చున్న ఆ బృంద సభ్యుడు జాన్ లెనన్ విగ్రహం పక్కనే కూర్చుని ఫొటో దిగొచ్చు.

• మనం తినే ఆపిల్‌కు మూలమైన అడవి జాతి పుట్టిల్లు ఈ పర్వతసీమే!