తిరిగే రెక్కను ఆపేదెట్లా?

ఘనపూర్: వరి నూర్పిడి మిషను దగ్గర పని చేసిన వారికి ఈ సంగతి చెప్పనక్కర లేదు. మోటారు కట్టేసినా డ్రమ్ము కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆగింది గదా అని చేయి పెడితే వేళ్ళు పోతాయి. ఇలాంటి ప్రమాదాల వల్లనే 1983లో కేంద్రం ప్రమాదకర యంత్రాల చట్టం తెచ్చింది. గాలిలో ఎగిరే గైరోప్లేనుకూ ఇదే చిక్కున్నది.

స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా తయారు చేసిన ఈ రకం యంత్రం 1923లో తొలిసారి ఎగిరింది. మన దేశంలో 2023లో హరిద్వార్‌లో ఎగిరించి చూశారు. హెలికాప్టరు వలె కనిపిస్తుంది గాని, ఎగిరేటప్పుడు పై రెక్కలకు ఇంజను బలం ఉండదు. జాతరలో పిల్లలు కొనే కాగితపు గిర్ర మాదిరి గాలికే తిరుగుతాయి. నిమిషానికి మున్నూరు చుట్లు దాటుతాయి. నేలకు దిగినా వెంటనే ఆగవు. గాలి కొడితే రెక్క కిందికి వంగుతుంది. అప్పుడు దగ్గరికి పోయిన మనిషి తల దక్కదు.

అందుకే పైన బ్రేకు పెడతారు. ఇరుసుతో పాటు తిరిగే పళ్ళేన్ని బ్రేకు ముక్కలు అదిమి పడతాయి. బ్రేకు పట్టకుంటే చాలామంది లీవరును ఇంకా గట్టిగా గుంజుతారు. అది పొరపాటు. సైకిల్ రిమ్ముకు నూనె అంటితే ఎంత నొక్కినా జారుతుంది గదా, ఇక్కడా గ్రీజే మొదటి శత్రువు. పళ్ళేన్ని శుభ్రంగా తుడవాలి, నూనె తాగిన ముక్కలను మార్చాలి, సాగిన తీగను బిగించాలి. ముక్క పళ్ళేనికి ఒక అంచునే తగులుతుంటే సరిచేయాలి. పళ్ళెం పెద్దదైతే అదే నొక్కుడుకు పట్టు ఎక్కువ.

ఇంకొక కిటుకు ఓపిక. వేగం సగమైతే రెక్కల్లోని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. కనుక చేతికర్రను ముందుకు నెట్టి, రెక్కలు వాటంతట అవే మందగించే దాకా ఆగి, తర్వాత మెల్లగా బ్రేకు వేయాలి. వడి మీద ఉండగానే బిగబడితే ముక్కలు కాలడమే గాక రెక్కల మొదళ్ళ మీద బలం పడుతుంది.

మళ్ళీ ఎగిరే ముందు బ్రేకు పూర్తిగా వదిలిందో లేదో చూడాలి. రాత్రి నిలిపేటప్పుడు బ్రేకును నమ్మరు. రెక్క కొసను తాడుతో కట్టేస్తారు, మన ఎడ్లను గుంజకు కట్టినట్టు.